చెల్లి మార్చిన మాటలు

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో, పక్కపక్క కుర్చీల్లో పనిచేసేవాళ్ళు. ఇంట్లో పోట్లాడుకున్నది చాలక ఇక్కడికీ తెచ్చారా అని అందరూ ఏడిపించేవాళ్ళు. చెల్లెలికి పిచ్చుక అని పేరు పెట్టింది కూడా ఆఫీసువాళ్ళే. దాని నోరు మూతపడితే కదా!

వాళ్ళ పని చెప్పుకోవడానికి చిన్నదే. వాళ్ళ కంపెనీకి చాలా ఊళ్ళలో కళ్ళజోళ్ళ దుకాణాలున్నాయి. ఒక్కో దుకాణం తన వివరాలు ఒక్కో తీరులో పంపుతుంది. వాటన్నిటినీ తెచ్చి, శుభ్రం చేసి, ఒక్కచోట పొయ్యాలి. అందుకు ఒక జావా సాఫ్ట్‌వేరు ఉంది. తెర మీద డబ్బాలు పెట్టి, వాటి మధ్య బాణాలు గీస్తే చాలు, వివరాలు కాలవలో నీళ్ళలా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పారతాయి.

ఆ సాఫ్ట్‌వేరులో మెనూ మాటలూ హెచ్చరికలూ మామూలు ఫైళ్ళలోనే ఉంటాయి. ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. అంత ఓపిక ఎవరికుంటుంది? పిచ్చుకకి ఉంది. ఒకరోజు తీరిగ్గా కూర్చుని తన కంప్యూటర్లో ఉన్నవాటన్నిటినీ తన మాటల్లోకి మార్చిపడేసింది. తప్పు జరిగితే "కొంప మునిగింది!" అని వచ్చేది. పని ఆలస్యమైతే "నిదానమే ప్రధానం. ఈలోపు కాసిని నీళ్ళు తాగు" అనేది. సాయంత్రం మూసెయ్యబోతే "అప్పుడే వెళ్తావా?" అని అడిగేది. దాని కింద రెండు బటన్లు, "వెళ్తా", "ఉంటా". పిచ్చుక తన కంప్యూటరు మూసే పని అక్కకే వదిలేది. అక్క రోజూ తిట్టుకుంటూ "వెళ్తా" నొక్కేది. రోజూ నవ్వేది.

ఆ పిచ్చుక పోయింది. మామూలు జ్వరమే అన్నారు. ఆసుపత్రిలో చివరి రాత్రంతా దాని వేళ్ళు అక్క ఎడమ మణికట్టు చుట్టూనే ఉన్నాయి. చిన్నప్పటి అలవాటది. చీకటంటే దానికి చచ్చేంత భయం. అక్క మణికట్టు పట్టుకుని, "నేనిక్కడే ఉన్నా, పడుకో" అని అనిపించుకుంటే గానీ కన్ను మూసేది కాదు. నిద్ర పట్టాక వేళ్ళు వాటంతటవే వదులయ్యేవి. ఆ రాత్రీ అలాగే వదులయ్యాయి. నిద్ర పట్టిందనే అనుకుంది అక్క.

కొన్నాళ్ళకి ఆఫీసులో పెద్దాయన గొంతు సవరించుకుంటూ వచ్చాడు.

"సోమవారం ఆ కుర్చీలోకి కొత్తావిడ వస్తోందమ్మా. ఆ కంప్యూటరు… మళ్ళీ మామూలుగా పెట్టించాలి. ఎవరికైనా చెప్పనా?"

"వద్దు సార్. నేనే చేస్తాను. ఇంకెవరూ ముట్టుకోవద్దు."

ఆదివారం మధ్యాహ్నం అక్క వచ్చి చెల్లి కంప్యూటరు ముందు కూర్చుంది. బయట ముసురు. ఆఫీసంతా ఖాళీ. తడిసిన గోనెపట్టా వాసన, కింద కాపలాదారు రేడియో గరగర, కిటికీ అద్దాల మీద వాన చప్పుడు. తన నెత్తిమీది దీపం ఒక్కటే వేసుకుంది.

ముందు సాఫ్ట్‌వేరు ఫోల్డరు మొత్తం పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుంది. చెల్లి మాటలు తన దగ్గరుంటే చాలు. ఫోటోల్లో పిచ్చుక నవ్వుతుంది గానీ మాట్లాడదు. మాట్లాడేది ఇక్కడే. అది కూడా పోతే తనకేం మిగిలినట్టు?

తర్వాత తీసెయ్యడం మొదలుపెట్టింది. ఈ సాఫ్ట్‌వేరుకి రెండు కాపురాలు. ఒకటి పెట్టినచోట, రెండోది మన సొంత ఫోల్డరులో, మామూలుగా కంటికి కనబడకుండా. ఆ రెండోదాన్ని మర్చిపోతే పాత మార్పులన్నీ మళ్ళీ తిరిగొస్తాయి. అక్క పనిమంతురాలు, మర్చిపోలేదు. రెండూ తీసేసింది. శాశ్వతంగా చెరిపెయ్యాలా అని అడిగితే అవునంది. కొత్తగా పెట్టి, తెరిచి చూసింది. అన్నీ పొడిపొడి మర్యాద మాటలు.

ఒక్కసారి చెల్లి మాటలు చూసుకుందామని పెన్‌డ్రైవు తెరిచింది.

అందులోనూ అవే పొడి మాటలు.

అప్పుడర్థమైంది. పిచ్చుక తన మాటలన్నీ రాసుకున్నది కనబడని ఫోల్డరులో. తీసెయ్యడానికి గుర్తొచ్చిన ఆ ఫోల్డరు దాచుకోవడానికి గుర్తు రాలేదు. తను దాచుకున్నది ఉత్త డొల్ల. అసలుది ఇప్పుడే చేతులారా చెరిపేసింది. బల్ల మీద తల వాల్చి, ఆసుపత్రిలో కూడా ఏడవనంత గట్టిగా ఏడ్చింది.

ఏడుపు ఆగేసరికి వాన చప్పుడు వినిపించడం లేదు. రేడియో కూడా. ఎక్కడినుంచో తలనొప్పి మందు వాసన… పిచ్చుక నుదుటికి రాసుకునేది. పక్క కుర్చీ కిర్రుమంది.

ఇంటికి పోదామని సాఫ్ట్‌వేరు మూసింది.

"అప్పుడే వెళ్తావా?"

ఆ మాట ఇంకెక్కడా లేదు. మళ్ళీ వెతికింది. ఈ ఫోల్డరులో లేదు… ఆ ఫోల్డరే లేదు. "వెళ్తా" నొక్కింది.

"చీకటిగా ఉందక్కా."

ఈ మాట పిచ్చుక ఎప్పుడూ రాయలేదు.

అక్క లేచి పరుగెత్తింది. గోడ మీదున్న స్విచ్చులన్నీ వేసేసింది. ఆఫీసంతా పట్టపగలైంది. తిరిగొచ్చి చూస్తే తెర మీద మాట మారింది.

"అక్కడ కాదక్కా. ఇక్కడ."

గుమ్మం దాకా వెళ్ళిపోయింది అక్క. సొంత చెల్లెలు. ఒళ్ళో వేసుకుని పెంచిన పిల్ల. అయినా భయమేసింది. భయమేసినందుకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. వెనక్కొచ్చి కూర్చుంది. "ఉంటా" నొక్కింది.

కరెంటు పోయింది.

చీకటి… ఊపిరి చప్పుడు. అది తనదే అనుకుంది. ఎడమ మణికట్టు మీద ఒక వేలు. చల్లగా. ఇంకో వేలు… ఇంకోటి…

"నేనిక్కడే ఉన్నా," అంది గుసగుసగా. "పడుకో."

వేళ్ళు వదులవుతాయని ఎదురుచూసింది. ఈసారి వదులవలేదు.

కరెంటు వచ్చాక చూస్తే పక్కన ఎవరూ లేరు. ఆ పట్టు మాత్రం అలాగే ఉంది. అలాగే ఇంటికెళ్ళింది. వేడినీళ్ళు పోసుకున్నా ఆ చల్లదనం పోలేదు. ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు పోయాక మొదటిసారి కడుపునిండా తింది, ఆ చేతిని గుండెల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోయింది.

సోమవారం కొత్తావిడ వచ్చింది. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తురాలు. పొద్దున్నుంచీ తలెత్తకుండా పనిచేసుకుంది. సాయంత్రం సంచీ సర్దుకుంటూ అక్క వైపు తిరిగింది.

"ఏవండీ, ఇది మూసేటప్పుడు ఒకటడిగింది. మీ సరదాయేనా?"

"ఏమడిగింది?"

"'అక్క చెయ్యి వదిలెయ్యనా?' అని."

"మీరేం నొక్కారు?"

"'వదిలెయ్' అని నొక్కానండీ. ఎవరి చెయ్యో ఏమో, పాపం, ఎంతసేపని పట్టుకుంటుందీ అని." ఆవిడ నవ్వింది.

అక్క తన మణికట్టు పట్టుకుని చూసుకుంది. వెచ్చగా ఉంది. అందరి చేతుల్లాగే ఉంది.

"మళ్ళీ తెరవండి," అంది. "మళ్ళీ తెరిచి, 'వద్దు' అని నొక్కండి. మీకు దణ్ణం పెడతాను."

కొత్తావిడ కంగారుగా తెరిచింది, మూసింది. మళ్ళీ తెరిచింది, మూసింది. సాఫ్ట్‌వేరు ఏమీ అడక్కుండా మర్యాదగా మూసుకుపోయింది.

"లేదండీ. ఏమీ అడగడం లేదు," అంది ఆవిడ, ఎడమ మణికట్టు రుద్దుకుంటూ. "ఈ ఏసీ ఏంటండీ బాబూ, నా ఒక్క చేతికే ఇంత చల్లగా…"

ఆవిడ చేతి మీద నాలుగు వేళ్ళ గుర్తులు తెల్లగా తేలుతున్నాయి.

అక్క కన్నీళ్ళు తుడుచుకోలేదు. ఖాళీగా ఉన్న తన చేతిని మెల్లగా ముందుకు చాపింది.

"అక్కడ కాదే," అంది గుసగుసగా. "ఇక్కడ."

కొత్తావిడ చేతి మీది గుర్తులు ఇంకాస్త లోతుగా దిగాయి.