హనుమకొండకు చివరి వంతు

నలభై ఒకటో అరుపుకు జవాబు చెప్పి కొమురమ్మ గోరువెచ్చని నీళ్లు ఒక గుక్క తాగింది. పొద్దున తొమ్మిది కూడా కాలేదు, గొంతు అప్పుడే బొంగురుపోయింది. కొనుగోలుదారు అరిచాక నాలుగు నిమిషాల్లో అమ్మకందారు సొంత గొంతుతో జవాబు చెప్పాలి. రాసి పంపితే చెల్లదు. పండుగ సరుకు కదిలే ఈ పక్షం రోజులూ ఇదే నియమం. రేపే సద్దుల బతుకమ్మ కాబట్టి ఇవాళ ఊపిరి తీసుకోవడానికి సందు దొరికితే గొప్ప.

నలభై రెండో అరుపు నయీంనగర్ రుద్రాంశ్‌ది.

"కుక్కర్ ఏది? తొమ్మిది రోజులాయె, కుక్కర్ ఏది? నీ అంగడి మీద మన్నువొయ్య, కుక్కర్ ఏది?"

"పంపుత సారూ. వంతు రాంగనే మొదలు మీదే పంపుత" అన్నది కొమురమ్మ.

అవతల ఉన్నది సారు కాదని ఆమెకు తెలియక కాదు. అది అరుపుబంటు, యంత్రపు గొంతు. మనిషి తింటున్నా, కునుకు తీస్తున్నా అతని తరఫున వేళ తప్పకుండా అరవడం దాని పని. బంటును పెట్టుకోని కొనుగోలుదారుడు జనగామ నుంచి జగిత్యాల దాకా వెతికినా ఒకరో ఇద్దరో. ఆ బంటును 'సారూ' అని పిలవకపోతే మర్యాదలోపం కింద ఇంకో అరుపు పడుతుంది. అందుకని ఆమె రోజుకు రెండు మూడు వందల సార్లు గాలిని సారూ అంటుంటుంది. ఖర్మ!

ఆమెది జనగామలో ఒక పాత గోదాము మీది మేడ అంగడి. కంపెనీలు మూతపడి విడిభాగాలు దొరకని వస్తువులను ఏరి, బాగుచేసి, వేలానికి పెడుతుంది. విజిల్ వేసే కుక్కర్లు, ముల్లు తిరిగే గోడగడియారాలు, రెక్కల ఫ్యాన్లు. పాట గెలిచినవాళ్ల సరుకును డాబా మీద వాలే యంత్రపు గద్దలు తీసుకుపోతాయి. రోజుకు ఆరు గద్దలు, ఒక్కో ఊరికి ఒకటి, ఒక్కో గద్ద పొట్టలో ఒకే పెట్టె. ఏ ఊళ్లో ఎవరి పెట్టె ముందు పోవాలన్నది తేల్చేది సర్దరి అనే యంత్రం. ఎవరు ఎన్నిసార్లు అరిచారు, ఎంత గట్టిగా అరిచారు, గొంతులో కోపం పాలెంత అని కొలిచి ఒక్కొక్కరికి ఆత్రాంకం కడుతుంది. ఎక్కువ ఆత్రం ఉన్నవాడిదే వంతు. అమ్మేవాళ్లకు అందులో మాట లేదు.

తొమ్మిదీ పదికి గోడ మీది పలకలో ఆకుపచ్చ చీటీ వెలిగింది.

'పెట్టె 318. కొనుగోలుదారు ఆద్యమ్మ, వడ్డేపల్లి, హనుమకొండ. పదమూడు రోజులుగా అరుపు లేదు. ఆత్రాంకం సున్నా. జీవించి ఉన్నట్టు ఆధారం లేదు. వస్తువును తిరిగి వేలానికి పెట్టుటకు అంగీకారమా?'

కింద రెండు మీటలు: అవును, కాదు.

ఇలాంటి చీటీలు కొమురమ్మకు కొత్త కాదు. కిందటి పండుగకు ఏడు వచ్చాయి. ఏడింటికీ 'అవును' నొక్కింది, నొక్కి మళ్లీ అరుపుల్లో పడిపోయింది. ఆ ఏడుగురూ ఎవరో, ఏమయ్యారో ఆమె ఎన్నడూ ఆరా తీయలేదు. ఇప్పుడు కూడా వేలు 'అవును' దాకా పోయింది. పోయి ఆగింది, ఎందుకంటే 318వ పెట్టెలో ఏముందో ఆమెకు బాగా గుర్తు. నాలుగు రోజులు కూర్చుని తన చేతులతో ప్రాణం పోసిన ఘటం అది. కాళ్లకు తొడుక్కునే పాతరకం నడకచట్రానికి శక్తినిచ్చే ఘటం. అలాంటిది ఇక తెలుగునేల మీద ఇంకొకటి ఉందో లేదో కూడా తెలియదు.

ఆద్యమ్మ పాట గెలిచిన రోజున పంపిన సందేశాన్ని తీసి చూసింది. ఒకటే వాక్యం. "తొందరేం లేదు బిడ్డా, నీ వీలు చూసుకొని పంపు."

సర్దరి దాన్ని ఉన్నదున్నట్టు రాసుకున్నది. తొందర లేదు. అయ్యో, ఆ మాట ఎంతమంది తల్లుల నోట వినలేదు తాను! కడుపులో ఎంత అవసరమున్నా ఎదుటి మనిషిని ఇబ్బంది పెట్టకూడదని అనే మాట అది. ఆ సందేశం కింద కొనుగోలు పత్రంలో ఇంకో గడి ఉన్నది. 'వాడుకలోని పాత ఘటానికి మిగిలిన ఆయువు: పద్నాలుగు రోజులు, సాయంత్రం ఆరు వరకు.'

కొమురమ్మ వేళ్ల మీద లెక్కపెట్టింది. పద్నాలుగో రోజు ఇవాళే.

నడకచట్రం వట్టి ఇనుము కాదు. తొడుక్కున్న మనిషి అడుగు ఎంత దూరం పడుతుందో, ఏ కాలు ఎంత వంగుతుందో ఏళ్ల తరబడి నేర్చుకుని గుర్తుంచుకుంటుంది. ఆ నడకమతి ఘటం మీదనే బతుకుతుంది. పాతది ఆరిపోకముందే కొత్తది తగిలించాలి, ఒక్క నిమిషం ఆలస్యమైనా అంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్లీ నేర్పించడానికి ఆ కంపెనీ లేదు. అంటే సాయంత్రం ఆరు దాటితే ఆ ముసలామె ఇక ఎన్నడూ నడవదు.

గద్ద వాలేముందు మోగించడానికి ప్రతి గడపకూ ఒక గంట ఉంటుంది. మనుషులు దాన్ని మోగించకూడదు. కొమురమ్మ పలక మీద నుంచే ఆద్యమ్మ గడపగంట మోగించింది; మోగితే అటు గొంతు ఇటు, ఇటు గొంతు అటు వినబడుతుంది.

"ఎవరు? గద్దనా?" అని వణికే గొంతు.

"గద్దను కాదవ్వా, మనిషినే. జనగామ కొమురమ్మను. నీకు ఘటం అమ్మినదాన్ని."

"అయ్యో నువ్వా బిడ్డా! మంచిగున్నవా? తిన్నవా?"

కొమురమ్మకు కళ్లు చెమర్చాయి. ఈ పదమూడు రోజుల్లో తిన్నావా అని అడిగిన మొదటి గొంతు ఇదే.

"నా తిండికేం గని, ఘటం ఎట్లున్నది అవ్వా?"

"ఎర్రబొట్టు మిణుకుమిణుకుమంటున్నది. లేస్తే ఖర్చయితదని మూడు రోజుల సంది గోడవార కూసున్న. పక్కింటామె గింత గంజి పోస్తున్నది. రేపు ఆడపిల్లలంత బతుకమ్మ ఆడుతరు గద, ఒక్క సుట్టన్న తిరుగుదామని దాసుకుంటున్న."

"ఎందుకు అరువలే అవ్వా? ఒక్కపారన్న అరవాలె గద!" కొమురమ్మ గొంతులో కోపమే వినిపించింది.

"పండుగ యాళ్ల అందరు నీ మీదనే వడుతరు. నేను గూడ తిట్టాల్నా బిడ్డా? ఇరవై ఏండ్లు బట్టలంగడి నడిపినదాన్ని, అమ్మేటోళ్ల గోస నాకెరుక లేదా?"

"గిప్పుడన్న అరువు. నీ గొంతుతోనే అరవాలె. గట్టిగ, కోపంగ. నేను వింటున్న."

ముసలామె ఊపిరి బిగబట్టుకుంటున్నట్టున్నది. తరువాత వచ్చింది ఆమె అరుపు.

"బిడ్డా... నా ఘటం... జర పంపుతవా?"

పలక మీది చీటీ ఆరి, అంకె కదిలింది. ఆద్యమ్మ, ఆత్రాంకం ఒకటి. కోపం పాలు లేదు.

హనుమకొండ జాబితాలో పైన రుద్రాంశ్ ఉన్నాడు, తొంభై ఆరు మీద. ఇవాళ హనుమకొండకు గద్ద ఒక్కటే, రెండున్నరకు. తానే పట్టుకుపోదామన్నా మనుషుల ప్రయాణానికీ వంతే. అడిగి చూసింది. ఎల్లుండి పొద్దున ఇస్తానన్నది సర్దరి.

ఇక మిగిలింది ఒక్కటే దారి. నయీంనగర్ గడపగంట మోగించింది. ఈసారి పలికింది బంటు కాదు, అరవై దాటిన మనిషి, తీరుబడి గొంతు.

"కుక్కరా? ఏం కుక్కరు?... ఆ, అవునవును, కొన్న. ఇంక రాలేదా?"

"పొద్దటి సంది పద్దెనిమిది మాట్ల అరిచిండ్రు సారూ మీరు."

"నేనా? బంటు అయ్యుంటది తల్లీ. ఏమన్న తప్పు మాట అన్నదా?"

"నా అంగడి మీద మన్నువొయ్యమన్నది."

"అది నేను నేర్పలే" అన్నాడు రుద్రాంశ్. కొమురమ్మ ఆద్యమ్మ సంగతంతా చెప్పింది. ఒక్క రోజు, ఒక్క వంతు వదులుకొమ్మని అడిగింది. మీ గొంతుతో 'ఆగుతాను' అంటే చాలు, మీ అంకె పడిపోతుంది, జాబితాలో మిగతావాళ్ల గడపగంటలు కూడా నేనే మోగించి బతిమాలుకుంటానన్నది.

"కుక్కరే అయితే ఏడాది ఆగుత" అన్నాడతను. "గని నా మోకాళ్ల వైద్యానికి గూడ గీ బంటే అరుస్తున్నది. ఎనిమిది నెలలు అరిస్తే ఇప్పటికి ముందటి వరుసల కొచ్చిన. ఒక్కచోట ఆగుతనంటే అన్నిచోట్ల మెత్తవడ్డట్టే రాసుకుంటది సర్దరి. మళ్ల మొదటికొస్తది. మెట్లు దిగలేకపోతున్న తల్లీ. ఏమనుకోకు."

గంట ఆగిపోయింది. కొమురమ్మకు అతని మీద కోపం రాలేదు. రానందుకే ఇంకా బెంగ పడింది. అతను చెడ్డవాడైనా బాగుండేది, తిట్టుకుని ఊరుకునేది.

ఒంటిగంట దాకా అరుపులకు జవాబులు చెబుతూనే ఉన్నది. ఆ తరువాత లేచి రుద్రాంశ్ పెట్టె విప్పి కుక్కర్ బయటపెట్టింది. దాని స్థానంలో ఘటాన్ని డబ్బాలో వేసి పెట్టింది. గద్ద తూకం చూస్తుంది, రెండు కిలోల నాలుగు వందల గ్రాములకు రవ్వంత తేడా వచ్చినా ముట్టదు. వంటింట్లోని కల్వం రాతిపొత్రం తెచ్చి వేసింది, ఇంకా తక్కువైతే పిడికెడు బియ్యం గుడ్డలో మూటగట్టి వేసింది. కాగితం మీద చేత్తో రాసింది. 'సారూ, మీ కుక్కర్ నా దగ్గర భద్రంగా ఉన్నది. ఈ డబ్బాలో ఉన్నది ఆ అవ్వ నడక. వడ్డేపల్లి, రెండో వీధి, నీలం తలుపు ఇల్లు. సాయంత్రం ఆరు లోపల. మిమ్మల్ని అడగకుండా చేసినందుకు తప్పు నాదే.'

తప్పుడు వస్తువు పంపితే అంగడి మూత. పండుగకే కాదు, మళ్లీ పండుగ దాకా. ఆమె బతుకంతా ఈ పక్షం రోజుల మీదనే నడుస్తుంది. అయినా సీలు వేసింది. రెండున్నరకు గద్ద వాలి, తూచుకుని, లేచిపోయింది.

మూడుంబావుకు పలక ఎర్రబడింది. 'పెట్టె చేరినది. వస్తువు సరికాదు. ఫిర్యాదుదారు: రుద్రాంశ్ తరఫు బంటు. అంగడి మూయడమైనది.' గోదాము గూళ్లన్నిటికీ ఒకదాని తరువాత ఒకదానికి తాళాలు పడ్డాయి. అరుపులు ఆగిపోయాయి. అంత నిశ్శబ్దం ఆ అంగడిలో ఆమె ఎన్నడూ ఎరగదు.

నాలుగైంది. నాలుగున్నరైంది. నయీంనగర్ గంట మోగిస్తే ఎవరూ పలకలేదు. ఐదైంది. పెట్టెను మూలకు తోసేసి పడుకున్నాడేమో. ఎందుకు పంపాను, అవ్వను ఆశపెట్టి అంగడిని కూలగొట్టుకున్నాను, ఎంత పిచ్చిదాన్ని అని తనను తాను తిట్టుకున్నది. ఐదున్నర దాటాక ఆమె గడియారం వైపు చూడడం మానేసింది.

ఆరుకు ఎనిమిది నిమిషాలుండగా వడ్డేపల్లి గడపగంట అటునుంచే మోగింది.

మొదట ఇనుము నేలను తాకే చప్పుడు, టక్కుమని ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. తరువాత వరుసగా. ముసలామె నవ్వుతున్నది, ఏడుస్తున్నది, ఏదో ఒకటి.

"బిడ్డా, నడుస్తున్న! ఇంటున్నవా? నడుస్తున్న!"

"ఇంటున్న అవ్వా" అన్నది కొమురమ్మ.

వెనుక నుంచి రొప్పుతూ రుద్రాంశ్ గొంతు. "మూడు కిలోమీటర్లు తల్లీ. నాలుగు చోట్ల కూసున్న. మొదలు రాయి చూసి మస్తు కోపమొచ్చింది. చీటీ చదివినంక ఇంట్ల కూసోబుద్ధి కాలే."

"నా అంగడి మూతపడ్డది సారూ."

"ఎరుకే. నేను పెట్టె విప్పి చీటీ చదివేలోపలనే మొత్తుకున్నది బంటు. దాన్ని తీసేసిన. మోకాళ్ల సంగతి ఇంక దేవుడెరుగు." అతను ఊపిరి పీల్చుకున్నాడు. "నా కుక్కర్‌కు తొందరేం లేదు తల్లీ. నీ వీలు చూసుకొని పంపు."

అంగడి మూసినా పలక వింటూనే ఉన్నది. తొంభై ఆరు అన్న అంకె ఒక్కసారి మినుకుమని సున్నా అయింది. సర్దరికి అలాంటి పతనం ఎదురైనట్టు లేదు. కాసేపు ఏమీ చూపలేదు. తరువాత ఆకుపచ్చ చీటీ వెలిగింది.

'పెట్టె 277. కొనుగోలుదారు రుద్రాంశ్, నయీంనగర్, హనుమకొండ. ఆత్రాంకం సున్నా. జీవించి ఉన్నట్టు ఆధారం లేదు. వస్తువును తిరిగి వేలానికి పెట్టుటకు అంగీకారమా? మొదటి వంతు తేలనందున జవాబు అందువరకు హనుమకొండ వంతులు నిలిపివేయడమైనది.'

కొమురమ్మ 'కాదు' నొక్కింది.

'ఆధారం తెలుపుము.'

ఆమె బొంగురు గొంతుతో పలకకు దగ్గరగా వంగింది. "ఉన్నడు. మోకాళ్లు నొస్తున్నా మూడు కిలోమీటర్లు నడిచిండు."

'ఈ ఆధారం పట్టికలో లేదు. అంగీకారమా?'

గంటలో నుంచి ఇనుప అడుగుల చప్పుడు ఇంకా వినబడుతూనే ఉన్నది. హనుమకొండ గద్ద తిరిగొచ్చి డాబా మీద ఎటూ పోలేక రెక్కలు ఆడిస్తున్నది. కొమురమ్మ పీట లాక్కుని పలక ముందు కూర్చుని మళ్లీ 'కాదు' నొక్కింది. అది మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ నొక్కింది.