పంటి మచ్చ, పనస చెక్క

ఉప్పుకాగితంతో పళ్లు రుద్దుకున్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

"ఏ నంబరు కాగితం?" అన్నాను, కోపం ఆపుకుంటూ.

"జీరో నంబరేనండి డాక్టరమ్మా. వీణ నునుపుకి ఆఖర్న పట్టేది. మెత్తగానే ఉంటాది."

పేరు ఉమాశంకర్. బొబ్బిలిలో వీణలు చేస్తాడు. నేను అదే ఊళ్లో పళ్ల క్లినిక్ తెరిచి అప్పటికి మూడు నెలలు. అతని ముందు పళ్లు రెండింటి మీదా సుద్దముక్కతో అద్దినట్టు తెల్లమచ్చలు. చిన్నప్పటి నుంచీ ఉన్నాయట. వాటి మూలాన పెదాలు విప్పి నవ్వడమే మానేశాడట.

"గీకినా పోలేదండి. తొడుగులేసీయండి. ఆదివారం అరసవల్లిలో పెళ్లిచూపులు."

"తొడుగంటే మంచి పన్నుని చుట్టూ అరగదీయాలి. నేను చెయ్యను."

"పళ్లు నాయి కదేటండి?"

"చేతులు నావి కదా!"

అతను మచ్చలు కనబడకుండా పెదాలు బిగించాడు. కళ్లు మాత్రం నవ్వాయి. ఇప్పటికీ ఆ కళ్ల దగ్గరకొస్తే నా కథ ఆగిపోతుంది. సరే, వైద్యం సంగతి చెబుతాను.

ఆ మచ్చ పైన పడ్డ మరక కాదు. పంటి పైపొర ఎనామిల్‌లో, మచ్చ ఉన్నచోట, కంటికి ఆననంత సన్నని రంధ్రాలుంటాయి. వెలుగు వాటిలో చెదిరిపోయి తెల్లగా కనబడుతుంది. రెజిన్ అనే పల్చని ద్రవాన్ని అందులోకి ఇంకిస్తే మచ్చ కలిసిపోతుంది. డ్రిల్లు వద్దు, మత్తుసూది వద్దు. ఇదంతా చెప్పి, ఏం అర్థమైందోలే అనుకున్నాను.

"ఓస్! వీణ సేసే పనస సెక్కని సిత్రిక పడితే పాలిపోయినట్టు ఉంటాది. తడిగుడ్డతో తుడిస్తే లోపలి రంగు బయటపడతాది. మీరు ఆ తడి ఆరకుండా లోపలే ఉంచీస్తారు. అంతేనేటి?"

అయిదేళ్ల చదువులో ఒక్కరూ నాకింత బాగా చెప్పలేదు!

శుక్రవారం కూర్చోబెట్టాను. పళ్ల చుట్టూ నీలం రబ్బరు పొర బిగించగానే అతని మాట బంద్. పైపొర తెరుచుకోవడానికి జెల్ రాసి, కడిగి, ఆరబెట్టాను. మచ్చలు ఇంకా తెల్లబడ్డాయి. ఇప్పుడు స్పిరిట్ చుక్క. అదే అసలు పరీక్ష. ఆ తడిలో మచ్చ ఎంత మాయమైతే, రెజిన్‌తోనూ ఇంచుమించు అంతే పోతుంది.

ఎడమ పంటి మచ్చ మాయం! కుడిదాంట్లో మాత్రం నువ్వుగింజంత మిగిలింది. మళ్లీ జెల్, మళ్లీ చుక్క. కదల్లేదు.

మాట్లాడకుండా కానిచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అద్దం అతని చేతికిచ్చాను.

"రెండూ పూర్తిగా పోతాయనుకున్నాను. పొరబడ్డాను. ఇది లోతుగా ఉంది. కొంచెం తవ్వితే పోతుంది. తవ్వమంటారా?"

అతను అద్దం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు.

రెజిన్ ఇంకించి, నీలికాంతితో గట్టిపరిచి, రబ్బరు తీశాను.

"పన్ను పన్నులాగే ఉన్నాదండి!" అంటూ నోరారా నవ్వాడు. అబ్బ, ఆ నవ్వు! గది నిండిపోయింది.

"ఆదివారానికి ఆల్ ది బెస్ట్," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"నానెల్లనండి."

"అయ్యో, ఆ గింజంత మచ్చకా?"

"కాదండి. అంత సిన్న మచ్చని కూడా దాచకుండా సెప్పిన మనిషి ఈ ఊళ్లోనే ఉన్నాది. మరి అరసవల్లి దాకా ఎందుకు?"

నా చెవులు వేడెక్కాయి. "మాస్కు వెనక నా మొహమైనా చూడలేదు మీరు!"

"మీరు మాత్రం నా పళ్లు తప్ప ఏటి సూసేరు?"

సోమవారం పొద్దున్నే వాళ్లమ్మ లక్ష్మణమ్మగారు వచ్చి, కుర్చీలో కూర్చుంది. పెళ్లయిన ఈ నలభై రోజులుగా ఆవిణ్ణి అత్తయ్యా అని పిలుస్తున్నాను గానీ, ఆ రోజుకి మాత్రం ఆవిడ నాకు పేషెంటే.

"ఏ పన్ను నొప్పండి?"

"నువ్వే ఎతుకు."

వెతికాను. ఒక్కటీ చెడలేదు. "మీకేం లేదండీ."

"నాకు తెల్దేటి? నిన్ను సూద్దామని వచ్చేను. నోరు తెరిపించీసేవు, ఒక్క ముక్క అడగలేకపోయేను." నన్ను ఎగాదిగా చూసింది. "సెయ్యి మెత్తనిదే. మావోడికి నువ్వంటే ఇష్టం. మరి నీకో? ఆ మూతిగుడ్డ తీసి సెప్పు."

తీశాను. చెప్పడానికేముంది, మొహమంతా నవ్వే!

"అయితే పంతులుకి కబురెట్టీస్తాను," అందావిడ, కుర్చీలోంచి ఇంకా లేవకుండానే.