దానంతట అదే ఆగిపోయే కంప్యూటర్

కంప్యూటర్ స్విచ్ నొక్కి, గువ్వ కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది. యూనిఫాం మార్చుకుంది. డబ్బాలోంచి రెండు బిస్కెట్లు తీసి, నిలబడే తినేసింది. నీళ్ల సీసా కడిగి బోర్లించింది. తిరిగొచ్చి చూస్తే తెర మీద చుక్కలు ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

ఆ కంప్యూటర్ గువ్వకంటే ఏడాది పెద్దది. గువ్వకు పదేళ్లు. పదకొండేళ్ల వయసు మనుషులకు చిన్నదేగానీ, కంప్యూటర్లకు మాత్రం ముసలితనమే.

గువ్వ అంటే అమ్మ పెట్టిన ముద్దుపేరు. అసలు పేరు స్కూల్లో హాజరు తీసుకునేటప్పుడు తప్ప ఎవరూ పలకరు కాబట్టి మనకూ అక్కర్లేదు.

వాళ్లు ఈ ఇంటికి మారి మూడు నెలలైంది. రెండో అంతస్తు, రెండు గదులు. అమ్మ ఒక క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటుంది, ఏడింటికి గానీ రాదు. నాన్న లారీ నడుపుతాడు, వారానికోసారి వస్తాడు. గువ్వ నాలుగింటికల్లా ఇంట్లో ఉంటుంది. నాలుగు నుంచి ఏడు దాకా ఆ ఇంట్లో మాట్లాడేది ఫ్రిజ్ ఒక్కటే. అది కూడా మధ్యమధ్యలో గురక పెట్టి ఊరుకుంటుంది.

కొత్త స్కూల్లో స్నేహితులెవరూ కుదరలేదు. పాత స్కూల్లో మాత్రం ముగ్గురున్నారు. పొడుగు, సోడాబుడ్డి, వాగుడుకాయ. ముగ్గురూ రోజూ నాలుగున్నరకి ఆన్‌లైన్‌లో కలిసి ఒక ఊరు కట్టే ఆట ఆడతారు. గువ్వ కూడా ఆడాలి. కానీ గువ్వ లోపలికి వచ్చేసరికే సగం ఊరు కట్టేసి ఉంటారు.

ఆ రోజూ అంతే. వంతెన మీదకు రెండడుగులు వేసిందో లేదో, గువ్వ బొమ్మ ఒంటి కాలి మీద నిలబడిపోయింది.

"గువ్వ మళ్లీ హ్యాంగయింది," అన్నాడు సోడాబుడ్డి.

"దాన్ని అమ్మేసి కొత్తది కొనిపించుకోవే," అంది పొడుగు. "ప్రతిసారీ నీకోసం ఎంతసేపని ఆగుతాం?"

గువ్వ మౌస్‌ను ఠపఠపా కొట్టింది. తెర కదిలేసరికి వంతెన మీద ఎవరూ లేరు. గువ్వకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడరు కదా అని కాసేపు ఏడ్చింది కూడా.

ఆ సాయంత్రం అమ్మ బ్యాగు దించకముందే అడిగేసింది. "అమ్మా, కొత్త కంప్యూటర్ కొందాం."

"దీనికేమైంది?"

"నత్తలా ఉంది."

"నెమ్మదిగా ఉందని పారేస్తారా? అలాగైతే పొద్దున్న నిన్ను లేపేటప్పుడు నేనేం చేయాలి?" అంది అమ్మ. "మా క్లినిక్‌లో కంప్యూటర్లు చూసే అమ్మాయి ఉంది, మంచి పనిమంతురాలు. రేపు పంపిస్తాను. లోపల ఒకటి రెండు మారిస్తే పరుగెడుతుందట."

"అప్పటికీ బాగవకపోతే?"

"అప్పుడు చూద్దాం. కొత్తదే కొందాం."

గువ్వ ఆ చివరి మాటను మాత్రం గట్టిగా పట్టుకుంది.

మర్నాడు నాలుగుంపావుకి తలుపు చప్పుడైంది. హెల్మెట్ చంకలో పెట్టుకుని, భుజానికి పెద్ద సంచీ తగిలించుకుని ఒక అక్క నిలబడి ఉంది. సంచీ జేబులోంచి నాలుగు స్క్రూడ్రైవర్లు తల బయటకి పెట్టి చూస్తున్నాయి. గువ్వ అప్పుడే మనసులో ఆమెకు స్క్రూడ్రైవర్ అక్క అని పేరు పెట్టేసింది.

"పేషెంటు ఎక్కడ, చిన్న మేడం?" అంది ఆమె.

గువ్వకు నవ్వొచ్చింది. కానీ ఆపుకుంది. కంప్యూటర్ చూపించి, రాత్రంతా అనుకుని పెట్టుకున్న మాట చెప్పేసింది.

"నెమ్మదిగా ఉండటమే కాదక్కా. దానంతట అదే ఆగిపోతుంది."

అది పచ్చి అబద్ధం. ఆ కంప్యూటర్‌కు ఎన్ని అవలక్షణాలున్నా, ఆట మధ్యలో కాసేపు బిగుసుకుపోయినా, పూర్తిగా ఆగిపోవడం మాత్రం ఎన్నడూ లేదు.

అక్క నుదురు ముడిపడింది. "అవునా? అమ్మగారు ఆ మాట చెప్పలేదే." నేల మీద పాత చాప పరిచి, కంప్యూటర్ పెట్టెను దాని మీద పడుకోబెట్టి పక్క మూత విప్పింది. లోపల దుమ్ము బూజులా వేలాడుతోంది.

"అమ్మో, దీంతో ఒక దిండు కుట్టుకోవచ్చు," అంది. చిన్న బ్రష్ తీసి దులపడం మొదలుపెట్టింది. విప్పిన స్క్రూలన్నీ ఒక మూతలో వేసి గువ్వ చేతికిచ్చింది. "ఇవి పదకొండు. పది తిరిగిస్తే ఊరుకోను."

దులుపుతూనే అన్నీ చెప్పింది. ర్యామ్ అంటే రాసుకునే బల్ల లాంటిదట. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం తీయాలంటే ఇంకో పుస్తకం లోపల పెట్టాలి. డిస్కు అంటే బీరువా. ఈ పాత బీరువాలో ఏది వెతకాలన్నా బోలెడు టైం పడుతుంది. "ఇప్పుడు పెద్ద బల్ల వేస్తాను, చేతికందే బీరువా పెడతాను. ఇల్లు మాత్రం పాతదే," అంది.

పాత డిస్కులో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా అక్క చాప మీదే కూర్చుని కబుర్లు చెప్పింది. పని నేర్చుకునే రోజుల్లో ఫ్యాను తిరగేసి బిగించిందట. గాలి వెనక్కి పోవాల్సింది పోయి, లోపలి దుమ్మంతా ఎదురుగా కూర్చున్న ఆఫీసరు గారి మొహం మీదకి కొట్టిందట. ఈ నెలలోనే సొంతంగా ఒక చిన్న షాపు తెరిచిందట. బోర్డు కూడా తనే రాసుకుందట.

కంప్యూటర్ ఆన్ చేశారు. గువ్వ ఇరవై లెక్కపెట్టేలోగా తెర వెలిగింది.

"ఇక చూద్దాం, ఎలా ఆగుతుందో," అంది అక్క. "మళ్లీ ఆగిపోతే ఫోన్ చెయ్యి. వచ్చి చూస్తాను." మెట్లు దిగి వెళ్లిపోయింది. అప్పుడు గడియారం చూస్తే ఆరున్నర దాటింది. ఈ ఇంటికి వచ్చాక అంత తొందరగా ఆరున్నర ఎప్పుడూ కాలేదు.

మర్నాడు గువ్వ అందరికంటే ముందే ఆటలోకి వెళ్లింది. బొమ్మ చకచకా నడిచింది. వంతెన దాటింది. పొడుగు, సోడాబుడ్డి, వాగుడుకాయ వచ్చారు. వచ్చి, కొత్త లెక్కల టీచరు గురించి మాట్లాడుకున్నారు. బస్సులో జరిగినదేదో తలుచుకుని పడీపడీ నవ్వారు. ఆ టీచరు ఎవరో గువ్వకు తెలియదు. ఆ బస్సులో గువ్వ లేదు. ఐదింటికి ముగ్గురూ ట్యూషన్ అంటూ వెళ్లిపోయారు. కంప్యూటర్ ఒక్కసారి కూడా ఆగలేదు, అయినా గువ్వ ఒక్కతే మిగిలింది.

గువ్వ తనకోసం అమ్మ ఇంట్లో ఉంచే చిన్న ఫోన్ తీసి, అక్క ఇచ్చి వెళ్లిన నంబరు నొక్కింది.

"అక్కా, మళ్లీ ఆగిపోయింది."

ఈసారి అది కొత్త కంప్యూటర్ కోసం చెప్పిన అబద్ధం కాదు. అది గువ్వకూ తెలుసు.

అక్క వచ్చింది. వైర్లన్నీ ఊడదీసి మళ్లీ పెట్టింది. గంటసేపు తెర ముందు కూర్చుని కాపలా కాసింది. "నేనుంటే బుద్ధిగా ఉంటుంది, దొంగది," అంది. గువ్వ నవ్వింది. ఇద్దరూ మిగిలిన బిస్కెట్లన్నీ తినేశారు.

మర్నాడూ గువ్వ ఫోన్ చేసింది. అక్క కరెంటు అందించే డబ్బా ఒకటి షాపు నుంచి తెచ్చి మార్చింది. ఆ రోజు కబుర్లు తగ్గాయి. చేతిలో ఒక చిన్న నోటు పుస్తకం, అందులో అన్నీ ప్రశ్నార్థకాలే.

"ఆగినప్పుడు తెర నల్లగా అయిందా, నీలంగానా?"

"నల్లగా."

"నిన్న నీలం అన్నావు."

"ముందు నీలం. తర్వాత నలుపు," అంది గువ్వ. చెవులు వేడెక్కాయి. అక్క మాత్రం అనుమానపడలేదు. ముందు నీలం, తర్వాత నలుపు అని జాగ్రత్తగా రాసుకుంది. అబద్ధాన్ని అంత శ్రద్ధగా రాసుకుంటుంటే చూడటం ఎంత కష్టమో గువ్వకు అప్పుడు తెలిసింది. అయినా నోరు పెగల్లేదు. నిజం చెబితే రేపు ఆమె రాదు కదా.

శనివారం పొద్దున, అమ్మ ఇంట్లో ఉండగా, స్క్రూడ్రైవర్ అక్క పిలవకుండానే వచ్చింది. సంచీ లేదు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడం, ఇది నా వల్ల కాలేదు. మీరు కొత్తది కొనుక్కోండి. నాకు డబ్బులేం ఇవ్వొద్దు."

"అదేమిటమ్మా, అంత పని చేశావు కదా."

"చేశాను కానీ, పట్టుకోలేకపోయాను." అంది ఆమె. "ఇంకో మాట. క్లినిక్ కంప్యూటర్లు కూడా ఇంకెవరికైనా అప్పజెప్పండి. అక్కడ రోగుల రిపోర్టులుంటాయి. ఇంట్లో ఒక్క మెషీన్ ఎందుకాగుతోందో తెలుసుకోలేనిదాన్ని, వాటిమీద చెయ్యి వేయడానికి భయంగా ఉంది. షాపు పెట్టడానికి తొందరపడ్డానేమో."

అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. ఆమె వినిపించుకోకుండా మెట్లు దిగేసింది.

అమ్మ నిట్టూర్చింది. "పాపం, మంచి పిల్ల. సరేలే గువ్వా, నీ కోరికే నెగ్గింది. నాన్న వచ్చాక కొత్తది చూద్దాం."

గువ్వకు అడిగింది దొరికింది. కానీ కింద మెట్ల మీద ఆ అక్క చెప్పుల చప్పుడు దూరమవుతోంది. చెప్పులు కూడా వేసుకోకుండా గువ్వ పరుగెత్తింది.

స్కూటర్ దగ్గర అందుకుంది.

"అక్కా, అది ఆగలేదు."

"ఏది?"

"కంప్యూటర్. ఒక్కసారి కూడా ఆగలేదు. ఎప్పుడూ ఆగలేదు. నేనే అబద్ధం చెప్పాను."

అక్క హెల్మెట్ పెట్టుకోబోతున్నదల్లా ఆగిపోయింది. గువ్వ వంక చూసింది. తర్వాత మెల్లగా కింది మెట్టు మీద కూర్చుంది.

"నీలం, నలుపు?"

"అదీ అబద్ధమే."

"అన్నం తింటున్నా అదే ఆలోచన నాకు," అంది అక్క. "నిన్నంతా షాపు మూసేసి పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాను. నాకు పనే రాదనుకున్నాను." హెల్మెట్ పక్కన పెట్టింది. "ఎందుకు చేశావు?"

"ముందు కొత్తది కొంటారని. తర్వాత..." గువ్వ కాలి బొటనవేలి వంక చూసుకుంది. "మీరు వస్తారని."

వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. అక్క వెంటనే దగ్గరికి తీసుకోలేదు, తల నిమరలేదు. నిజంగా కోపం వచ్చిన మనిషి అలా చేయదు.

"నాకు కోపంగా ఉంది," అంది. "ఇవాళ తగ్గదు. పద, ఇదంతా అమ్మగారికి నువ్వే చెప్పు."

గువ్వ చెప్పింది. అమ్మ తిడితే బాగుండేది. తిట్టలేదు. స్క్రూడ్రైవర్ అక్క వైపు తిరిగి, "క్లినిక్ పని నీదే. ఇంకెవరినీ పిలవను. మా పిల్ల తరఫున నన్ను క్షమించు," అంది. డబ్బులు చేతిలో పెట్టి పంపించింది. తలుపు వేసి వచ్చి, గువ్వ పక్కన కూర్చుంది.

"నాలుగు నుంచి ఏడు దాకా ఏం చేస్తావే నువ్వు?"

"ఏమీ చేయను."

"ఏమీ అంటే?"

"నువ్వు వచ్చేదాకా ఉంటాను," అంది గువ్వ.

అమ్మ చాలాసేపు గువ్వ జడ విప్పి మళ్లీ అల్లింది. జడ బాగానే ఉంది, విప్పాల్సిన పనే లేదు.

సోమవారం వచ్చింది. అమ్మ క్లినిక్‌లో అడిగి చూసింది కానీ, వేళలు మారలేదు. నాలుగింటికి గువ్వ తాళం తీసింది. కంప్యూటర్ ఇరవై లెక్కపెట్టేలోగా వెలిగింది. ముగ్గురిలో ఎవరూ ఇంకా రాలేదు. గువ్వ కాసేపు చూసి, దాన్ని ఆపేసింది.

ఫోన్ చేతిలోకి తీసుకుంది. బల్ల మీద పెట్టేసింది. మళ్లీ తీసుకుంది. నంబరు సగం నొక్కి చెరిపేసింది. ఆమె తీయకపోతే? తీసి, తిడితే? మూడోసారికి పూర్తిగా నొక్కింది.

"హలో." అక్క గొంతు ఇంకా బిగుసుకునే ఉంది. "ఏమైంది? మళ్లీ ఆగిపోయిందా?"

"లేదక్కా. బాగానే ఉంది. చాలా బాగుంది." గువ్వ ఊపిరి పీల్చుకుంది. "ఊరికే చేశాను."

అటువైపు ఏదో స్క్రూ నేల మీద పడిన చప్పుడు వినిపించింది.

"ఊరికేనా?"

"ఊరికేనక్కా. ఇంట్లో ఎవరూ లేరు, మాట్లాడాలనిపించింది. మీకు పనుంటే పెట్టేస్తాను."

"పనుంది," అంది అక్క. కొంచెం ఆగి, "చేతులకే పని, చెవులకి కాదు. ఉండు, స్పీకర్‌లో పెడతాను. ఆ, ఇప్పుడు చెప్పు," అంది.

గువ్వ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అందుకని పొద్దున్న నిద్ర లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది.