మామగారితో సముద్రం షికారు

ఎదురు వాటా ఆవిడ అన్న మాటలంటూ ఇస్త్రీ బండి అతను చేరవేసినవి ఇవి: "మా ఎదురు వాటాలో దిగిన ఇంజనీరు ఉన్నాడు చూడు, అతనికి పెళ్ళాం పిచ్చి కాదయ్యా, మామగారి పిచ్చి. ఆదివారం ఆ పెద్దమనిషి వస్తున్నాడంటే చాలు, వీధి చివరిదాకా ఎదురెళ్ళి సంచీ అందుకుంటాడు. వెళ్ళేటప్పుడు బూట్లు తుడిచి పెడతాడు. మొన్న వానలో తను తడుస్తూ ఆయనకి గొడుగు పట్టాడు. అనాథాశ్రమంలో పెరిగాడట, పాపం. పిల్లనిచ్చిన మామే తండ్రయిపోయాడు. ఆ పిల్ల ఉంది చూడు, చెప్పకూడదు గానీ, క్యాలెండరు మీద బొమ్మలా ఉంటుంది. ఆ బొమ్మకి ఈ బట్టతల ఎలా దొరికిందా అని మా ఆయన మూణ్ణెల్లుగా అన్నం సయించక ఆలోచిస్తున్నాడు."

ఇస్త్రీ బండి అతను గూఢచారి ఆఫీసు మనిషి. ఈ కబురంతా సన్నటి అక్షరాలతో రాసి, ఓ చొక్కా కాలరు మడతలో పెట్టి పంపాడు. మర్నాడు పొద్దున్నే తాబేలుకి పిలుపొచ్చింది.

తాబేలు అన్నది కోడ్ నేమ్. మనిషి నలభై దాటినవాడు. నడక నెమ్మది, మాట నెమ్మది. పరుగెత్తించి పట్టుకునే పనులకి వేరేవాళ్ళున్నారు. ఊరించి పట్టుకునే పనులకి ఇతన్ని పిలుస్తారు. రెండు నెలల కిందటే ఆఫీసు ఇతని మీసం గొరిగించి, పూల చొక్కా తొడిగించి, తల మీద గడ్డి టోపీ పెట్టించి ఓ టూర్ కంపెనీలో గైడుగా దింపింది. బ్యాటరీతో నడిచే, టాపు మడిచేసిన కారు. పొద్దున్న ఎక్కించుకుని, సముద్రం ఒడ్డు రోడ్డంతా తిప్పి, చూడాల్సినవి చూపించి, సాయంత్రం దింపాలి.

ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కింద పళ్ళ డాక్టరు. డ్రిల్లు మోత నేల గుండా కుర్చీ కాళ్ళలోకి ఎక్కుతుంటే, పెద్దాయన బ్లేడుతో పెన్సిలు చెక్కుకుంటూ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"శనివారం నీ కారు బుక్ చేశారు. మామ, కూతురు, అల్లుడు."

"అల్లుడి పని, సార్?"

"హార్బరులో ఇంజనీరు. మన సముద్రం అడుగున తీగల వల ఉంది. సబ్‌మెరైన్ వస్తే ఆ వల వింటుంది. నాలుగు చోట్ల మాత్రం దానికి చెవుడు. ఆ నాలుగు చోట్లూ ఏ కాగితం మీదా లేవు. వాడి బుర్రలో ఉన్నాయి."

"మామగారు?"

"మామగారూ కాదు, గాడిద గుడ్డూ కాదు. అవతలి దేశం గూఢచారుల రింగ్ లీడరు. పిల్ల పేరు మన రికార్డులో నెమలి. వాళ్ళ ఏజెంటు. ఏడాదిగా మన ఏజెంటు కూడా."

"మరి పెళ్ళి?"

"నిజమని నమ్మినవాడు వాడొక్కడే."

ప్లాను పెద్దాయన రెండు ముక్కల్లో చెప్పాడు. రింగు ఇంజనీరుని దేశం దాటించబోతోంది. వాళ్ళు టూరు కారునే ఎందుకు ఎంచుకున్నారంటే, తీరం చెక్‌పోస్టులో దాన్ని ఎవరూ ఆపరు. లోపలున్నవాళ్ళు ఎవరో దూరం నుంచే కనిపిస్తుంటే ఆపి చూసేదేముంది? టూరులో ఆఖరి మజిలీ, పాత ఉప్పు గోదాముల దగ్గర రేవు. సాయంత్రం నాలుగున్నరకి అక్కడికి పడవ వస్తుంది. షికారు అని చెప్పి ఎక్కిస్తారు. అయితే ఐదింటికల్లా ఆటు. ఐదు దాటితే రేవులో నీళ్ళుండవు, నడుం లోతు బురదే. పడవ ఉండలేదు.

"అంటే నేను కారుని ఐదు దాటించాలి."

"దాటించాలి. అనుమానం రాకుండా. మామగారిని ఇప్పుడు పట్టుకుంటే వెనకున్న ఏడుగురూ కాకుల్లా లేచిపోతారు. కారు ఆలస్యమైంది, ఇంకో వారం చూద్దాంలే అనుకోవాలి వాళ్ళు."

"ఇంజనీరుకి ఓ మాట చెప్పేస్తే, సార్?"

"వెళ్ళి మామగారినే అడుగుతాడు."

"ఆలస్యం చేయలేకపోతే?"

పెద్దాయన సొరుగులోంచి గైడ్లు మెడలో వేసుకునే బైనాక్యులర్ తీసి బల్ల మీద పెట్టాడు. కుడి గొట్టంలోంచి చూడొచ్చు. ఎడమ గొట్టంలో ఒకే ఒక్క తూటా. "వాడి కాలు పడవలో పడకూడదు."

"ఏ తప్పూ చేయనివాడు, సార్."

"తప్పు చేసినవాడైతే నీదాకా ఎందుకు, కోర్టుకే పంపేవాణ్ణి."

శనివారం తొమ్మిదింటికి ముగ్గురూ వచ్చారు. మామగారు తెల్లకోటు, వెండిజుట్టు, ఎవరికైనా లేచి నిలబడాలనిపించే మనిషి. నెమలి నీలం చీర, నల్ల కళ్ళద్దాలు. ఇంజనీరు మాత్రం రెండు చేతులా సంచులతో, నెత్తిన ఎండతో, పెళ్ళివారి సామాను మోసే బంధువులా నవ్వుతూ వచ్చాడు. "మామగారూ, ముందు సీటు మీది. ముందు కూర్చుంటేనే సముద్రం బాగా కనిపిస్తుందట. నేను అడిగి తెలుసుకున్నాను."

నెమలి అతని పక్కన కూర్చుని, సీసాలోంచి ఏదో క్రీము తీసి ఆ బట్టతలకి రాసింది. "మాడిపోతారు, కదలకండి." అతను కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. అద్దంలోంచి ఆ మొహం చూసి తాబేలు చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు.

"టాపు వేయమంటారా, అమ్మగారూ?" ఇది కోడ్.

"వద్దు. తీసే ఉంచండి." పడవ వస్తోందని అర్థం.

నెమలి చెవి పోగులో మైకు ఉంది. తాబేలు కళ్ళజోడు కాడలో బియ్యపు గింజంత స్పీకరు ఉంది. కారు ముప్పై దాటితే గాలి మాటల్ని మింగేస్తుంది కాబట్టి అతను ముప్పై దాటనివ్వలేదు. దీపస్తంభం దగ్గర నలభై నిమిషాలు చరిత్ర చెప్పాడు. అందులో సగం అప్పటికప్పుడు పుట్టించినదే. కొండ మలుపులో ఫొటోలు తీసి, బాగా రాలేదని మళ్ళీ తీశాడు. భోజనానికి ఆగిన హోటల్లో చార్జింగ్ పాయింటు పనిచేయలేదు. దాని ఫ్యూజు తెల్లవారుజామునే ఆఫీసు ఎలక్ట్రీషియన్ జేబులోకి చేరింది. పోతే, కారు డిక్కీలో తివాచీ కింద ఆఫీసు మెకానిక్ బిగించిన హీటరు కాయిల్ ఒకటి పొద్దుటి నుంచీ బ్యాటరీని జలగలా పీలుస్తోంది. లెక్క ప్రకారం, రేవుకి మూడు మలుపుల ముందు కారు చచ్చి ఊరుకోవాలి.

సరిగ్గా అలాగే చచ్చింది. టైము నాలుగూ ఇరవై. డ్యాష్‌బోర్డు మీద తాబేలు బొమ్మ పసుపు రంగులో వెలిగింది. చార్జింగ్ అడుగంటితే ఈ కార్లలో వెలిగే బొమ్మ అది. కారు ఎత్తు రోడ్డు మీద రెండు గజాలు పాకి ఆగిపోయింది.

"కంపెనీకి ఫోన్ చేస్తాను సార్, ఇంకో కారు పంపిస్తారు. ఓ గంటలో..."

మామగారు వాచీ చూసుకున్నాడు. వెనక సీట్లోంచి ఇంజనీరు ఒక్క గెంతులో కిందికి దిగాడు.

"ఎందుకు మామగారూ గంట? నేనున్నాను కదా."

ఇంజనీరు చక్రాలు తడిమాడు. వెనక్కి వెళ్ళి డిక్కీ మీద చెయ్యి వేసి వెంటనే తీసేశాడు. "ఇదెందుకింత కాలుతోంది?" డిక్కీ తెరిచి తివాచీ ఎత్తాడు. కాయిల్ దొరికింది.

"అది బ్యాటరీని వెచ్చబెట్టేది, సార్. కంపెనీవాళ్ళు..."

"ఈ ఎండలో వెచ్చబెట్టడమేంటయ్యా, నీకు మతుందా?" ప్లగ్గు పీకేశాడు. మామగారు తల తిప్పి తాబేలుని తీరిగ్గా, పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ చూపుతోపాటు ఆయన చెయ్యి కోటు లోపలికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది.

ఇంజనీరుకి ఇవేవీ పట్టలేదు. "ఈ ఎత్తు దాటితే రేవుదాకా అంతా పల్లమే. ఇంకో నలభై అడుగులు తోద్దాం. పల్లంలో బండి దొర్లుతుంటే దాని బ్రేకే దానికి కరెంటు పుట్టిస్తుంది. దిగుతూ దిగుతూ చార్జింగ్ ఎక్కుతుంది." చొక్కా విప్పి నెమలి ఒళ్ళో పడేసి, కారు వెనక్కి భుజం ఆనించాడు. పాదాలు జారాయి. మోకాలు రోడ్డుకి కొట్టుకుని రక్తమొచ్చింది. అయినా తోశాడు. ఎత్తు మీదికి చేరాక మామగారు అతని చెమట భుజం తట్టి, "కొడుకున్నా ఇంత చేసేవాడు కాదు నాకు" అన్నాడు.

ఇంజనీరు మొహంలో దీపం వెలిగింది. తన పాడెకి తనే వెదురు కొట్టుకొచ్చి, మెప్పు కోసం నిలబడినవాణ్ణి తాబేలు తన సర్వీసులో అంతకుముందు చూడలేదు.

రేవు చేరేసరికి నాలుగూ యాభై మూడు. బ్యాటరీలో నాలుగు శాతం ఎక్కింది.

రోడ్డు చివర నుంచి సిమెంటు ర్యాంపు నిటారుగా నీళ్ళలోకి దిగుతోంది. కింద పడవ, ఇంజను ఆన్‌లో ఉంది, ఇద్దరు మనుషులు. రెండు పక్కలా నీళ్ళు వెనక్కి పోతూ నల్లటి బురద పైకి తేలుతోంది. "కారు వదిలి రాకూడదు సార్, కంపెనీ రూలు" అని తాబేలు పైనే ఉండిపోయాడు. ముగ్గురూ దిగుతున్నారు. ముందు ఇంజనీరు, కుంటుతూ. పక్కన మామగారు. వెనక నెమలి. తాబేలు బైనాక్యులర్ ఎత్తాడు. క్రీము రాసిన నెత్తి కుడి గొట్టంలో గుండ్రంగా నిలిచింది.

నెమలి ఒక్కసారి వెనక్కి తిరిగింది. ఎత్తిన బైనాక్యులర్ చూసింది. ఆగిపోయింది.

"ఏవండీ, ఆగండి. నాకు పడవ వద్దు." కళ్ళజోడు కాడలో ఆమె గొంతు స్పష్టంగా వినిపించింది.

"గాలి తగిలితే హాయిగా ఉంటుంది, రా."

"మీతో ఎక్కడికీ రావాలని లేదు నాకు."

అతను నవ్వాడు. "ఎండకి తల తిరిగినట్టుంది మామగారూ."

"మీ పక్కన పడుకోవాలంటే నాకు కంపరం. మూణ్ణెల్లుగా పళ్ళు బిగబట్టుకుని బతుకుతున్నాను."

నవ్వు పలచబడింది కానీ కాళ్ళు ఆగలేదు. "ఇంటికెళ్ళాక తిట్టుదువుగానిలే. మామగారి ముందొద్దు." పడవకి ఇంకా ఆరడుగులు. తాబేలు వేలు బైనాక్యులర్ మీట మీదికి వెళ్ళింది.

"నీకు ఎవరూ లేరనే నిన్ను ఏరుకున్నారు," అంది నెమలి. గొంతు పెంచలేదు. "అరవై మంది ఇంజనీర్ల లిస్టు రాశారు. అమ్మ ఉన్నవాణ్ణి కొట్టేశారు, అన్న ఉన్నవాణ్ణి కొట్టేశారు. మాయమైతే అడిగే దిక్కు లేనివాడు ఒక్కడు మిగిలాడు, నువ్వు. ఈయన మా నాన్న కాదు. ఆ పడవ ఎక్కితే నీ బుర్ర పిండుకుని నిన్ను చేపలకి వేస్తారు. నేను నీ పెళ్ళాన్నీ కాదు. నాది డ్యూటీ."

ఇంజనీరు ఆమె వైపు చూడలేదు. పక్కకి తిరిగాడు. "మామగారూ?" అన్నాడు. అంతే.

మామగారి చేతిలో పిస్తోలు ఉంది. "ఎక్కు."

ఇంజనీరు ఎక్కలేదు, పారిపోనూలేదు. మోకాళ్ళు మడిచేసుకుని గోనెసంచిలా కూలబడ్డాడు. మామగారు చంకలో చెయ్యి వేసి లాగాడు. కదలని మనిషి బరువు ఇంతా అంతా కాదు. పడవలోంచి ఒకడు సాయానికి దూకి బురదలో తొడదాకా దిగబడి, బూతులు మొదలుపెట్టాడు. నాలుగూ యాభై ఎనిమిది. మామగారు లాగడం మానేశాడు. తమకి దక్కని తలకాయ ఇక్కడ మిగలకూడదు. నెమలిని మోచేత్తో పక్కకి తోసి, పిస్తోలు గొట్టం అతని నెత్తికి ఆనించాడు.

కాల్చడానికి తాబేలుకి సందు లేదు. తోసిన తోపుకి నెమలి వీపు మధ్యలోకి వచ్చింది. బైనాక్యులర్ వదిలేసి, స్టీరింగ్ కింద ఉన్న మీట నొక్కాడు. మనుషులు పక్కకి తప్పుకోవాలని ఈ కార్లకి పెట్టే జుమ్మనే శబ్దం ఆగిపోయింది. బ్రేకు వదిలాడు.

నాలుగు శాతం కరెంటు, నిటారు పల్లం. నెమలినీ, కూలబడిన ఇంజనీరునీ తప్పించేలా స్టీరింగ్ పక్కకి పట్టుకుంటే కారు పిల్లిలా దిగింది. పడవలోవాళ్ళు చూసి చేతులూపుతూ అరిచారు. నీళ్ళు పోతున్నాయని తొందరపెడుతున్నారనుకుని మామగారు, "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే బంపరు ఆయన నడుముకి తగిలింది. పిస్తోలు గాల్లోకి పేలింది. తెల్లకోటు పల్టీ కొట్టి బురదలో బోర్లా పడింది. ముందు చక్రాలు ర్యాంపు అంచు దాటి గాల్లో తిరుగుతుండగా కారు ఆగింది. పడవ వెనక్కి మళ్ళబోయింది, అడుగు బురదలో కూరుకుపోయింది. ఐదైంది.

మామగారిని ఆఫీసువాళ్ళు మోకులు కట్టి లాగారు. తుంటి ఎముక విరిగింది. మత్తు సూది ఇవ్వాల్సిన డాక్టరుని పెద్దాయన రెండు గంటలు ఆలస్యంగా రమ్మన్నాడు. గంటన్నరకే ఏడు పేర్లూ బయటికొచ్చాయి. రాత్రి అన్నాల వేళకి ఏడుగురూ ఒకే గదిలో ఉన్నారు.

మర్నాడు పొద్దున్న మూడో అంతస్తులో ఇంజనీరుని కూర్చోబెట్టారు. మోకాలికి కట్టు ఉంది. ముందు టీ ఉంది, తాగలేదు. తాబేలు తలుపు దగ్గర నిలబడ్డాడు. నెమలి కిటికీ దగ్గర, ప్యాంటూ చొక్కాలో, కాళ్ళ దగ్గర చిన్న పెట్టెతో.

"రెండంటే రెండు నిమిషాల్లో తప్పింది, బాబూ," అన్నాడు పెద్దాయన, పెన్సిలు పక్కన పెట్టి. "ఆ కిరాతకుల చేతిలో పడి ఉంటే నీ గతేమయ్యేది? మావాళ్ళిద్దరికీ ఓ దణ్ణం పెట్టుకో."

ఇంజనీరు ఇద్దరినీ చూశాడు. పెట్టె వైపు చూశాడు. "ఈమె ఎక్కడికి?"

"ఇంకో డ్యూటీ. అడ్రసు చెప్పకూడదు."

అతను టీ కప్పు బల్ల అవతలికి, పెద్దాయన వైపు జరిపాడు.

"ఆ పడవవాళ్ళే నయమండీ. చంపేదాకా అయినా ఈమెని నా పక్కన ఉంచేవాళ్ళు."