పక్కింటివాళ్ళ దగ్గు

ఆ చెట్ల వీధిలో, ఇళ్ళ వరసకి చిట్టచివరనున్న మూడంతస్తుల మేడకి నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉందని గుమ్మం పక్కన రాతిపలక చెబుతుంది. పైగదిలో రాత్రిపూట ఎవరో దగ్గుతారన్న సంగతి మాత్రం పలకమీద లేదు. అది వీధివాళ్ళు చెబుతారు, అడక్కపోయినా. ఈ కథ కూడా వాళ్ళు చెప్పిందే.

మూడేళ్ళుగా ఆ ఇల్లు అమ్మకానికుంది. చూడ్డానికొచ్చినవాళ్ళు మెట్లెక్కేదాకా చరిత్రంటే ప్రాణం పెట్టేవారు. చూస్తూ చూస్తూ చీకటిపడి, దగ్గు వినగానే ఒక్కొక్కరికీ ఏదో అర్జెంటు పని గుర్తొచ్చేది. చివరికి ఆ ఇల్లు చూపించే బ్రోకరుకి ఆఫీసులో తేల్చి చెప్పేశారు — ఈ నెలలో ఇల్లన్నా అమ్ముడవ్వాలి, ఉద్యోగం మానేసి నువ్వన్నా ఇంటికెళ్ళాలి. నాలుగురోజులే మిగిలాయి. పాపం, ఆ మాట భార్యకింకా చెప్పలేదు.

అలాంటప్పుడు దొరికింది రిటైరైన పెద్దపంతులమ్మ. "పగలు ఏ ఇల్లైనా బాగానే ఉంటుంది నాయనా. రాత్రి చూపించు," అంది. ఎనిమిదింటికి తీసుకెళ్ళాడు. ఏంచేస్తాడు మరి?

మెట్ల చెక్కపని బ్రహ్మాండమన్నాడు. కిటికీ అద్దాలు ఆ కాలంనాటివన్నాడు. పైగది తలుపు తెరిచి, వెలుతురుకి లోటే లేదన్నాడు — బయట చిమ్మచీకటి...

ఖళ్... ఖళ్...

పెద్దపంతులమ్మ ఆగింది. "ఎవరది?"

బ్రోకరు ఒక అడుగు తలుపువైపు వేశాడు. అయినా వృత్తిధర్మం ఒకటి ఏడిసింది కదా. "పక్కింటివాళ్ళండీ... ఉమ్మడి గోడ," అన్నాడు.

ఆ గోడ అవతల ఇల్లన్నదే లేదు. చెట్లున్నాయి. చీకట్లో ఆవిడకవి కనబడకపోవడం అతని అదృష్టం.

ఆవిడ తిన్నగా వెళ్ళి గోడమీద వేళ్ళతో తట్టింది. "ఏమమ్మా... దగ్గుకి మందేమన్నా వేసుకోకూడదూ?"

తర్వాత గోడలోంచి, సన్నగా — "వేసుకుంటానమ్మా..."

బ్రోకరు ఈసారి తలుపు అవతలకే వెళ్ళి నుంచున్నాడు. మూడేళ్ళలో అది మాట్లాడ్డం అదే మొదలు.

"మర్యాదస్తులు," అంది ఆవిడ ముచ్చటపడి. "ఇప్పుడున్నచోట పిలిస్తే పలికే దిక్కులేదు. ఒంటిదాన్ని. నాకీ ఇల్లు కావాలి."

ఒంటిదాన్నన్న మాటకి అతని మనసు చివుక్కుమంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోటితోనే, "సంతకం ఇక్కడండీ," అన్నాడు.

ఆవిణ్ణి కారెక్కించి, ఈల వేసుకుంటూ వెనక్కొచ్చాడు. వీధితలుపుకి తాళం వెయ్యబోతుంటే — లోపల మెట్లమీద అడుగులు. ఒక్కొక్కటే... మెల్లగా... దిగొస్తున్నాయి. గుమ్మం దగ్గర ఆగాయి.

తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎవరూ లేరు.

ఖళ్... ఖళ్...

"ఇల్లు అమ్మేశావుగా బాబూ," అంది గొంతు, సరిగ్గా అతని చెవి పక్కన. "సామాను సర్దేసుకున్నాను. నువ్వు చెప్పిన ఆ పక్కిల్లేదో చూపిద్దువుగాని... పద."