సుద్దబొమ్మలోని సన్యాసి

ఆ ఉదయం ఆకాశం సూర్యుణ్ని మింగి, కక్కలేక మెలికలు తిరుగుతోంది! ఎనిమిది దాటినా వీధిదీపాలు ఆరలేదు. చినుకు లేదు, గాలి లేదు... ఉరుములు మాత్రం ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. రేకుల చూరు కింద గుడ్లగూబ ఒకటి పట్టపగలే ఘూత్కరిస్తోంది.

పటాలు కట్టే అతను బల్ల మీది పాత పటం వెనక మేకులు పీకుతున్నాడు. లోపలి గదిలో మూడు రోజులుగా అతని చెల్లెలు పళ్ళు పటపట కొరుకుతూ మగగొంతుతో వికటాట్టహాసం చేస్తోంది. గుమ్మంలో కపాలం పట్టుకుని క్షుద్రోపాసకుడు కూర్చున్నాడు. వాణ్ని అందరూ బూడిదయ్య అంటారు. వాడి గురువును భస్మం చేసిన సన్యాసి రూపం లోకం మొత్తమ్మీద ఈ పటంలోని ఒక్క కాగితం మీదే మిగిలింది. దాని కళ్ళు చెరిగితే వాడికి ఎదురు లేదు. కానీ తాను ముట్టుకుంటే చస్తాడు. అందుకే పటాలతని చెల్లెలి ఒంట్లోకి పిశాచాన్ని తోలాడు.

"కళ్ళు తుడిచెయ్. నీ చెల్లి లేచి కూర్చుంటుంది. లేదా... మధ్యాహ్నానికి శవాన్ని మోసుకో!"

"నోరు ముయ్యరా! నీ నోటితో దాని ఊసెత్తకు."

"ఒరే, కాగితం కన్నా పిల్ల ఎక్కువ కాదట్రా? తుడిచెయ్ నాన్నా!" తల్లి గొల్లుమంది.

అతను అద్దం తీశాడు. చూశాడు.

గోధుమరంగు కాగితం. తల మీది వస్త్రానికి నల్లసుద్దతో రెండే గీతలు. చెంపల్లో ఎర్రసుద్దను వేలితో మెత్తగా అలికాడు, ఆ చిత్రకారుడెవరో మహానుభావుడు! దవడ దగ్గర మాత్రం అలకలేదు... బిగబట్టిన ఆగ్రహం అక్కడ పచ్చిగా నిలిచిపోయింది. కనుపాపల్లో తెల్లసుద్ద చుక్కలు, ఆవగింజలో సగం. అవి లేకపోతే అలసిన ముసలి ముఖం. ఉంటే... ప్రళయాగ్ని! వేల ముఖాలకు అద్దం బిగించినవాడు, తన కడుపులో మండుతున్నదాన్ని ఒక ముఖంలో చూడటం ఇదే మొదలు.

ఆ సుద్దకు జిగురు పట్టించలేదు. తుమ్మితే చాలు, రాలిపోతుంది. అందుకే ఆ ఇంట్లో ఇలాంటి బొమ్మకు అద్దం తీసేముందు, బిగబట్టమని "ఊపిరి!" అని అరుస్తారు. అద్దం మళ్ళీ పడేదాకా ఎవరూ నోరు తెరవరు. చెల్లెలు మాటలతోపాటు నేర్చిన అలవాటది.

అతను తుడుపుగుడ్డ తీసి మాంత్రికుడి ముఖాన కొట్టాడు.

"తుడవను! దమ్ముంటే నువ్వే ముట్టుకో, పిరికిగొడ్డా!"

బూడిదయ్య కపాలం ఎత్తి సంహారమంత్రం అందుకున్నాడు. లోపలి తలుపు బద్దలైంది... విరబోసుకున్న జుట్టుతో, నెత్తుటి కళ్ళతో చెల్లెలు! ఆమె నోటితో పిశాచం వంత పలికితే మంత్రం పూర్తవుతుంది, ఆమె ప్రాణం పోతుంది.

"ఊపిరి!" అన్న గర్జించాడు.

టక్కున ఆమె పెదవులు బిగుసుకున్నాయి! పిశాచం లోపల గింజుకుంది, గొంతు ఉబ్బింది, కళ్ళు తేలిపోయాయి... పెదవులు విడలేదు. ఆ ఇంటి అలవాటు దాని కన్నా మొండిది!

వంత లేక మంత్రం తెగింది. బూడిదయ్య ఒళ్ళు మరిచాడు. ఎగిరి బల్ల మీద పడి, ఆ కళ్ళను అరచేత్తో పరపరా రుద్దాడు. పొడి లేచింది. తెగిన మంత్రాన్ని మళ్ళీ అందుకోవాలని ఆ పొడితో సహా గుండెల నిండా గాలి పీల్చాడు...

అంతే! వాడి కనుగుడ్లలో రెండు తెల్లచుక్కలు వెలిగాయి. వాడి నోరే, వాడిది కాని గొంతుతో పలికింది:

"చెరిపావు కదరా... ఇక నీ లోపలినుంచి చూస్తాను!"

వాడి చేతిలోని కపాలం ఫెళ్ళున పగిలింది. నోట్లోంచి, చెవుల్లోంచి ఎర్రని జ్వాల! ఒక్క ఆర్తనాదం... ఆపైన గచ్చు మీద గుప్పెడు నుసి.

"వదిలెయ్ తల్లీ... ఇక వదిలెయ్," అన్నాడు అన్న. చెల్లెలు ఊపిరి వదిలింది. నల్లని పొగ ఒకటి చూరు దాటి పోయింది. ఆమె తన గొంతుతో అడిగింది: "ఆకలేస్తోందన్నయ్యా."

అతను నుసిని ఎత్తి మురుక్కాలువలో పారబోశాడు. కోపం దిగలేదు. అలాంటి కళ్ళు మళ్ళీ ఎవడు గీస్తాడు?

తల్లి బల్ల మీద మూడు కంచాలు పెట్టింది. చెల్లెలి వేళ్ళ సందుల్లోంచి మెతుకులు జారుతుంటే, అతను ముద్ద కలిపి ఆమె నోటికందించాడు. తల్లి తల ఎత్తలేదు. ముగ్గురూ తిన్నారు.