వెనక సీటు

పొద్దు పొడవకముందు కంభం చెరువు మీద మంచు ఎట్ల కమ్ముతాదంటే, ఒడ్డున కట్టేసిన బోటు చేత్తో తడిమితే గానీ దొరకదు. శివకుమారి చేతులు చంకల్లో పెట్టుకుని కట్ట దిగింది. మర్నాడు విజయవాడలో బోటు పందేల సెలక్షన్లు. గెలిస్తే రాష్ట్రం జట్టులో చోటు, ఆ తర్వాత స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం. ఎండనక వాననక గొర్రెల వెంట తిరిగే నాయనను ఇంటి పట్టున కూర్చోబెట్టొచ్చు.

ఇదంతా తలుచుకున్నా ఆ పిల్లకు లోపల ఏమీ కదల్లేదు. తనతో జతగా తెడ్డేసే ప్రసన్న పోయిన కాడ్నుంచి అంతే. ఏడుపు రాలేదు. అమ్మ పెడితే తినేది, కోచ్ చెప్తే తెడ్డేసేది.

ఈ పందెం బోట్లు చూడనివాళ్లకు ఒక మాట చెప్పాలి. ఇవి చేపలోళ్ల తెప్పల మాదిరి కావు. సన్నగా, పొడుగ్గా, తుమ్మినా ఒరిగేటట్టు ఉంటాయి. ఒకరి వెనక ఒకరు ఇద్దరు కూర్చుంటారు. మనిషికి ఒక్కటే తెడ్డు, ఒకరిది కుడిపక్క, ఇంకొకరిది ఎడమపక్క. ఒక్కరే వేస్తే బోటు గానుగెద్దు లెక్కన గుండ్రంగా తిరుగుతాదే గానీ ముందుకు పోదు. ఇంకో విడ్డూరం, పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలి. కళ్లకు కనపడేది వదిలొచ్చిన ఒడ్డే. కాళ్లు బోటుకే బిగించిన బూట్లలో పెట్టి పట్టీలు వేసుకోవాలి.

ఆ పట్టీలే ప్రసన్నను తీసుకుపోయినాయి. ఎర్రగొండపాలెం అవతల అడవి అంచు గూడెం పిల్ల. ఎప్పుడు చూసినా బుగ్గన తియ్యటి వాసనొచ్చే నన్నారి వేరు ముక్క ఉండాల్సిందే. మొన్న వానాకాలంలో, చెరువు నడిమధ్యలో, శివకుమారి వీపు వెనక సీటు నుంచి "ఆపవే శివా, నీళ్లొస్తున్నాయి" అంది. శివకుమారి తిరిగి చూడలేదు. "ఇంక పదే" అంది, ఇంకో పది తెడ్లు వేసి ఆపుదామని. ఆ పది కాకముందే బోటు తిరగబడింది. శివకుమారి పట్టీలు ఊడినాయి. ప్రసన్నవి ఊడలేదు.

ఆ "ఇంక పదే" సంగతి శివకుమారి ఎవరికీ చెప్పలేదు. "లండన్ పందెంలో ఒకసారి రెండు బోట్లూ మునిగినాయి. అయినా మళ్లీ పెట్టి ఆడినారమ్మా" అని కోచ్ మధుసూదన్ సారు ధైర్యం చెప్పి, శ్రీదేవి అనే కొత్త పిల్లను వెనక సీట్లో కూర్చోబెట్టినాడు.

ఆ పొద్దు శివకుమారి ముందే ఎక్కి పట్టీలు వేసుకుంది. కాసేపటికి వెనక బోటు కొంచెం కుంగింది.

"వచ్చినావా శ్రీదేవీ?"

"ఊఁ."

తెడ్లు పడినాయి. ఇద్దరివీ కలిసి ఒకటే చప్పుడు. శ్రీదేవి రోజూ రవ్వంత వెనకబడేది. ఇవాళ పడలేదు. పర్లేదే, నేర్చుకుంది అనుకుంది శివకుమారి. పాచి వాసనలో ఏదో తీపి వాసన కలిసింది. దాన్నీ పట్టించుకోలేదు.

ఇంతలో మంచు కాస్త విడింది. ఎదురుగా వదిలొచ్చిన ఒడ్డు... ఒడ్డు మీద సెల్లు లైటు ఊగుతోంది.

"అక్కా! లేటయింది, ఏమనుకోవద్దు! నన్నూ ఎక్కించుకో!"

శ్రీదేవి గొంతు.

శివకుమారి తెడ్డు ఆపేసింది. బోటు ఆగలేదు. పక్కకు తిరగనూ లేదు. తిన్నగా పోతోంది. వెనక తెడ్డు పడుతూనే ఉంది... చప్... చప్... మెడ మీద చల్లటి చుక్క పడింది. నన్నారి వాసన. వంగి పట్టీలు లాగింది. రాలేదు.

"ఆపవే ప్రసన్నా..."

చెవి పక్కనే, మెల్లగా... "ఇంక పదే."

శివకుమారి అరవలేదు. భయం కూడా ఆ పిల్లలో ఎక్కడో మొద్దుబారి పడి ఉంది. పదో తెడ్డుకు బోటు నిలబడింది, ప్రసన్న మునిగిన చోటే. వెనక్కి తిరిగి చూడలేదు. ఎంతసేపు అట్లనే కూర్చుందో, గాలే మెల్లగా బోటును ఒడ్డుకు తోసింది.

"నీ వెనక ఇంకో పిల్ల కనపడినాదే, ఎవరక్కా? ఎటు దిగిపోయింది?" అంటూ శ్రీదేవి నీళ్లలోకి వచ్చింది. శివకుమారి ఇంకా ఊడని పట్టీలే లాగుతోంది. ఆ పిల్ల టక్కున వెనక సీట్లోకి ఎక్కింది. "సారొచ్చేలోపు ఒక రౌండు కొడదాం. రేపు పరువు పోగూడదు." పట్టీలు వేసుకున్న చప్పుడైంది.

"ఏందక్కా... బూట్లు వెచ్చగా ఉన్నాయి?"

ఆ మాటకు శివకుమారి గుండె ఇన్నాళ్లకు దడదడా కొట్టుకుంది. "దిగు! దిగవే శ్రీదేవీ! అది ఆపమంటే నేను ఆపలేదే, ఆ రోజు ఆపలేదు..." అంటూ ఏడ్చేసింది.

"పట్టీలు ఊడటం లేదక్కా."

శివకుమారి ఒడ్డున తుంగను రెండు చేతులా పట్టుకుంది. తుంగ తెగి చేతిలోకొచ్చింది. బోటు ఒడ్డు వదిలి నడిమికి కదిలింది.

"అక్కా, ఆపు..."

"నేను కాదే... నేను తెడ్డు ముట్టలేదు."

శ్రీదేవి కూడా ముట్టలేదు. ఆ పిల్ల వెనక బోటుకు ఇంకో సీటు లేదు. తెడ్డు చప్పుడు అక్కణ్నుంచే వస్తోంది.

నడిమధ్యకు చేరగానే శివకుమారి పట్టీలు వాటంతటవే ఊడినాయి. శ్రీదేవివి ఊడలేదు.